పసుపు రాసిన తీగ

మనవరాలి పెన్నుకు, బల్ల మీద దొర్లకుండా, చిన్న తీగ చుట్ట తొడిగి ఉంది. చూడగానే తల దించుకున్నాను.

నా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లు కూలీ. అక్కడి సన్న తీగ తెచ్చి నా పెన్సిలుకు చుట్టాడు. ఎందుకో చెప్పలేదు. నేను తాయెత్తు అనుకున్నాను. పసుపు రాసి, కళ్ళకద్దుకుని, లెక్కలు చదవకుండానే పరీక్షకు పోయాను.

సారు పెన్సిలు ఎత్తి చూపాడు. "గిదేందే?"

"తాయెత్తు సార్. గిది ఉంటే పాసైత."

తరగతంతా పగలబడి నవ్వింది. ఇంటికొచ్చే దారిలో తీగ ఊడదీసి పారేశాను.

సాయంత్రం బాపు ఉత్త పెన్సిలు చూశాడు. "ఊడిందా బిడ్డా? బల్ల మీదికెల్లి దొర్లి పడితె మొన ఇరుగుతది," అంటూ మరో తీగను ఇంకా గట్టిగా చుట్టసాగాడు.

పసుపంటిన వేళ్ళు వెనక దాచుకుని నిలబడ్డాను.