మాస్టారి ఇత్తడి బిళ్ళ

దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. ఖరగ్‌పూర్‌లో ఇన్నేళ్ళూ అస్థిపంజరం పక్కన నిలబడి బయాలజీ పాఠాలు చెప్పినదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ పోయిన చలికాలం జరిగింది మాత్రం మింగుడుపడటం లేదు.

మా జగ్గారావు మాస్టారు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. గుహల్లో పాతకాలపు మనుషుల, జంతువుల ఆనవాళ్ళు వెతికే అంతర్జాతీయ బృందాన్ని ఆయనే నడిపారు. ఏటా విదేశాల వాళ్ళు వచ్చి మాతో కలిసి పని చేసేవారు. మాస్టారు జబ్బుచేసి పోయాక అంతా చెల్లాచెదురైంది.

నేను ఊరుకోలేకపోయాను. పాత సభ్యులందరికీ మెయిళ్ళు పెట్టాను. స్థానికంగా వాలంటీర్లను కూడగట్టి, ఒక్క గుహలోకైనా క్షేమంగా తీసుకెళ్ళి తీసుకురండి, అప్పుడు వస్తాం అన్నారు వాళ్ళు. ఏదైనా తేడా వస్తే బృందం అంతటితో సరి.

మా ఊళ్ళో పూరీ గేట్ నుంచి ఖరిదా దాకా ఇల్లిల్లూ తిరిగాను. నిధి దొరుకుతుందా అని ఒకాయన ఆశగా అడిగాడు. ఎముకలనగానే వాళ్ళావిడ పెడుతున్న టీ కాస్తా ఆపేసింది. నాకు గుహల టీచరని పేరు పడింది. పడితే పడనీ అనుకున్నాను. చివరికి రెండు జీపులకు సరిపడా మనుషులు దొరికారు. వాళ్ళలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరైన పైడిరాజు బాబాయి ఒకరు, మితాలి అనే బెంగాలీ నర్సు ఒకరు.

గుహ దగ్గర మాస్టారు పెట్టిన పద్ధతే పాటించాం. బయట మేకులు కొట్టిన చెక్క బోర్డు ఉంటుంది. లోపలికెళ్ళే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ దానికి తగిలించాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే తీయాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. బోర్డు ఖాళీ అయితే అందరూ బయటికొచ్చేసినట్టు.

మధ్యాహ్నం దాటాక మొదటి జీపు వెళ్ళిపోయింది. బాబాయి అందులో ఎక్కారనుకున్నాను. బోర్డు కూడా ఖాళీగా ఉంది, నేనే చూశాను. గండం గడిచిందని సామాను సర్దుతుంటే మితాలి పిలిచింది.

"దీదీ, ఏక్‌టా రోయే గేఛే."

ఒకటి మిగిలిపోయిందట. వెళ్ళి చూస్తే చివరి మేకుకి నిజంగానే బిళ్ళ ఉంది. అంచు అర్ధచంద్రంలా విరిగిన బిళ్ళ. అది మాస్టారిది. ఒకసారి బండరాయి మీద పడి అలా విరిగింది. ఆయన అస్థికలతో పాటు దాన్ని కూడా వాళ్ళావిడ నదిలో కలిపింది. నేను పక్కనే ఉన్నాను.

ఎవరో వేళాకోళం చేశారనుకున్నాను. అయినా బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టే, వెతక్కుండా కదలకూడదు. దాన్ని ముట్టుకోకుండా టార్చి పట్టుకుని లోపలికి నడిచాను. మితాలి నా వెనకే వచ్చింది.

లోపల ఇరుకు మలుపులో బాబాయి కనిపించారు. కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. దీపం ఆరిపోయింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆ కేకలు బయటికి ఏమాత్రం వినపడలేదు.

"వర్క్‌షాపులో బోర్డు మీది బిళ్ళ తీసుకునే కదమ్మా లోనికెల్లీవోళ్ళం," అన్నారాయన, జేబులోంచి తన బిళ్ళ తీసి చూపిస్తూ. "పొద్దున్న తగిలించినాను గానీ, లోనికెల్లినప్పుడు అలవాటు కొద్దీ తీసీసినాను."

మోసుకుని బయటికొచ్చేసరికి చివరి మేకు ఖాళీగా ఉంది. కింద గడ్డంతా వెతికాం. దొరకలేదు. మాస్టారి బిళ్ళని ఆ రోజుకి ముందు ఎన్నడూ చూడని మితాలి, నేను అడక్కుండానే, విరిగిన అంచును గాలిలో వేలితో గీసి చూపించింది.

విదేశీయులకు ప్రమాదం సంగతి దాచకుండా రాశాను. బృందం పోతుందేమోనని ఆ వారమంతా నిద్ర లేదు. వెనక్కి వెళ్ళి మనిషిని తెచ్చుకున్నారు కదా, మీతో వస్తాం అన్నారు. వచ్చే చలికాలానికి అందరం సిద్ధమవుతున్నాం. కాలు బాగుపడగానే బాబాయి మళ్ళీ ముందు వరసలో నిలబడ్డారు.

ఆ బిళ్ళ ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఎంత ఆలోచించినా తెలియలేదు. మాస్టారి పద్ధతిలో బిళ్ళ తీసుకునేది దాని మనిషే. బోర్డు మీద చివరి మేకు మాత్రం కొత్తవాళ్ళెవరికీ ఇవ్వడం లేదు.