క్యాలెండర్ మూల

ఆ రోజు అమలాపురంలో రాజోలు బస్సెక్కాను. పక్క సీటులో ఒకామె చర్చిలో ఇచ్చిన కొత్త క్యాలెండర్ ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. కాగితం నిండా పాస్టరుగారు, అమ్మగారు, వాళ్ళ పిల్లలు నవ్వుతున్నారు. యేసుప్రభువు మాత్రం కింద మూలన, తేదీల పక్కన, తపాలా బిళ్ళంత ఉన్నాడు. మా ఇంట్లోనూ అలాంటిదే వేలాడుతోంది. నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఆమె గోటితో మడత నొక్కి ఆ మూలను మెల్లగా చింపుతోంది.

"అదెందుకమ్మా?" అన్నాను.

"మా ఆయన మంచానికెదురుగా గోడకి అంటిద్దామనండి. ఆసుపత్రిలో ఇంక చేసేదేం లేదన్నారు. నిన్న ఇంటికి తెచ్చేసేం."

"పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేరా?"

"ఆయ్, చేసేరండి. మంచోరే. కానీ ఆఖర్న కళ్ళు తెరిస్తే, మా ఆయనకి కనబడాల్సింది వాళ్ళు కాదు కదండీ."

బస్సు గోతిలో పడి లేచింది. ఆమె చెయ్యి జారి, ప్రభువు బొమ్మ పక్కనున్న నెలలన్నీ అడ్డంగా చిరిగిపోయాయి.

"అయ్యో, తేదీలన్నీ పోయాయమ్మా," అన్నాను.

ఆమె బొమ్మను కొంగుతో తుడిచి బైబిల్లో పెట్టుకుంది.

"మా ఆయనకింక తేదీలతో పనేముందండి," అంది.