మా బావ చేసి చూపిన బాతు

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఏ మాటకూ నోటితో అర్థం చెప్పి ఊరుకునేవాడు కాదు. లేచి చేసి చూపించాల్సిందే. ఆ గుణం మాకు పెళ్లిచూపుల నాడే తెలిసిపోయింది!

పందొమ్మిది వందల యాభైల్లో కొత్త రాష్ట్రం వచ్చిన రోజులవి, జిల్లాలు మారలేదు, మాది ఇంకా కర్నూలు జిల్లానే. కొనకనమిట్ల పక్కన మా పల్లెకు ఆయన గిద్దలూరు నుంచి వచ్చి, ఇస్త్రీ పంచె నలగకుండా మంచం మీద బిగుసుకుని కూర్చున్నాడు. నవ్వు మొహం లేనివాణ్ణి చేసుకోనని అక్క అప్పటికే ఇద్దరిని వద్దంది. ఇదీ తప్పిపోతుందేమోనని అమ్మకు ఒకటే గుబులు.

"ఇంగ్లీషు చదివినావంట గదా నాయనా, ఒక మాట చెప్పు, విందాం" అంది మా అవ్వ.

"డక్కు. అంటే బాతు."

"బాతంటే ఏంది? ఈ మెట్టలో దాన్ని చూసినోళ్లెవరు?"

అంతే! పంచె ఎగ్గట్టి, పెద్దమనుషుల నడుమ అటూ ఇటూ ఊగుతూ బాతులా నడిచాడు.

"కూచోరా, పరువు తీస్తివి!" అని వాళ్ల నాయన అరిచాడు.

ఆయన వింటేనా! "దెబ్బ తగలకుండా తల వంచినా డక్కే" అంటూ గభాలున వంగాడు. "క్రికెట్టులో సున్నాకు అవుటైనా డక్కే" అని లేని బ్యాటు ఊపి, దిగులు మొహంతో మంచం మీద కూలబడ్డాడు.

"ఒక్క మాటకు ఇన్ని అర్థాలా! నీ మాట నమ్మి పిల్లనెట్ల ఇచ్చేది?" అంది అవ్వ.

అందరూ గొల్లున నవ్వారు. నోరు మెదపకూడని పెళ్లికూతురు, మా అక్క, తలుపు చాటు నుంచి నవ్వుతూనే అడిగేసింది. "ఇంకా ఉండాయా?"

"ఇంకొకటుంది. అది పెండ్లయినాక చెప్తా."

"తాంబూలాలు తీసుకరాండి, తొందరగా!" అని అవ్వ కేక వేసింది.