రెండు కింద ఒకటి

“మింగితే ఏంది గతి? గొంతుల ఇరుక్కుంటే?”

నెల నిండని కొడుకు పిడికిట్లో వెండి బిళ్ల చూసి నర్సింహులుకు చెమటలు పట్టాయి. వనపర్తి బడిలో సైన్సు చెప్పే అతనికి కొడుకు తుమ్మినా భయమే.

“బిడ్డను చూడ ఉత్తచేతులతోని వస్తరా, పంతులూ?” అని నవ్వింది పక్కింటి సత్యమ్మ. రెండో ప్రపంచ లడాయి రోజులు. వెండి రూపాయలు మాయమై కాగితాలు మిగిలాయి. పసిపిడికిట్లో కాగితం పెట్టలేక, మొగుడి క్వినైన్ డబ్బాలోంచి అమెరికా బిళ్ల ఒకటి తీసుకొచ్చింది. అడగకుండానే.

ఆ మొగుడు సామ్యూల్. గట్టు ఊరి వైపు కరువు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, మిషన్ దవాఖానలో సీసాలు కడుగుతూ కాంపౌండర్ అయ్యాడు. అక్కడి అమెరికా దొరలు జేబు దులిపి ఇచ్చే తమ దేశపు చిల్లరలో అతను వెతికేది సంవత్సరం అంకెలే. భూతద్దం కింద ఈ బిళ్లపైనే, 1942 చివరనున్న రెండు కింద 1941లోని ఒకటి కనబడింది. పాత అచ్చు మీద కొత్త అచ్చు! దూదిలో చుట్టి డబ్బాలో దాచాడు. అలాంటి అరుదైన తప్పచ్చులు పోగేసే పెద్దదొర ఆదివారం వస్తున్నాడు. అది ఇస్తే కూతురు రూతమ్మను నర్సు బడిలో చేర్పిస్తానన్నాడు.

ఇదేదీ తెలియని నర్సింహులు, క్రిములు పోవాలని బిళ్లను చింతపండు, బూడిదతో తోమాడు. మింగకుండా మొలతాడుకు కట్టాలని, వెండిపని చేసే అవుసలి దగ్గరికి తీసుకెళ్లాడు.

“నెత్తికి రెక్కలున్నయి, ఏ అమ్మవారో! నెత్తిమీద బెజ్జం కొడ్తనా?” అంటూ అవుసలి బిళ్లను తిప్పి, మెడ పక్కన కొట్టాడు. సంవత్సరం ఉండేది అక్కడే.

ఆదివారం డబ్బాలో ఉత్త దూది చూసి సామ్యూల్ పెళ్లాం జుట్టు పట్టుకున్నాడు. సంగతి తెలియగానే దొరతో సహా వచ్చి పసివాడి మొలతాడు తెంపాడు. దొర భూతద్దం పెట్టి చూసి పకపకా నవ్వాడు.

“అంకె ఎక్కడ, సామ్యూల్? నాకు బెజ్జం ఇస్తున్నావా?”

బిళ్లను వాకిట్లోకి విసిరి బండెక్కాడు. నర్సు బడికని ఉతికి మడిచిన తెల్లచీర పట్టుకుని రూతమ్మ పక్కింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నాకు తెల్వదు సామ్యూలూ...” అన్నాడు నర్సింహులు.

“తెల్వనిదాన్ని తోముతరా?” సామ్యూల్ బిళ్లను మట్టిలోంచి ఏరి, మళ్లీ పసివాడి గుప్పిట్లోనే పెట్టి నొక్కాడు. వాడు కెవ్వుమన్నాడు. “ఉంచుకో. రేపటిసంది నా బిడ్డ కలుపుకు పోతది. ఇగ వీని చేతుల ఎవరేం పెట్టినా, ఇంట్ల అడిగి తెచ్చినవా అని ముందు అడుగు. ఎన్కసిరి భయపడు.”

వారం తిరగ్గానే సొంత అక్క పసివాడికి గిలక్కాయ తెచ్చింది.

“ఇంట్ల అడిగి తెచ్చినవా, అక్కా?” అన్నాడు నర్సింహులు.