మూడు చీటీలూ టొరంటోయే

పుట్టింది మంథనిలో, అది నేను ఎంచుకున్నది కాదు. నర్సు చదువుకు పంపింది మిషన్ వాళ్లు, నస్పూర్‌కు తెచ్చింది పెళ్లి. ముప్పై ఏళ్ల బతుకులో "ఎక్కడ ఉంటావు?" అని నన్ను అడిగిన మొదటి కాగితం కెనడా దరఖాస్తు. తొంభైల మొదట్లో మాట. అవకాశం వచ్చింది నా నర్సు చదువుకు. బొగ్గుబావిలో పనిచేసే మా ఆయన ఆ కాగితంలో నా వెంట వచ్చే భర్త, అంతే.

నాకంటే ముందు అక్కడికి వెళ్లిన సీనియర్ నర్సు ఉత్తరం రాసింది. కెనడా నడుమ ఉన్న మానిటోబా రాష్ట్రంలో చిన్న ఊళ్ల ఆసుపత్రులకు నర్సులు కావాలట. టొరంటోలో అయితే నర్సు పని దొరకడానికి ఏళ్లు పడుతుందట. మానిటోబా అని రాస్తానన్నాను.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. దుబాయిలో రెండేళ్లు ఉండొచ్చిన మరిదికి ప్రపంచమంతా తెలుసు.

"వదినె, గా మానిటోబ అంత ఉత్త మంచు. టొరంటోల మనోళ్లున్నరు, తెలుగు చర్చి ఉన్నది. అన్నకు పరేషాన్ ఉండదు."

"రోగులను జూసేది నేను, ఊరు జూసేది నువ్వా?" అన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. మా ఆయన మాత్రం డ్యూటీకి టైమైందని లేచిపోయాడు.

మామ చర్చిలో సంఘ పెద్ద. కొట్లాట ఎందుకు, చీటీలు వేద్దామన్నాడు. మా ఇళ్లల్లో ఏ సంగతైనా తెగకపోతే ప్రార్థన చేసి చీటీ తీస్తారు. వచ్చింది దేవుని చిత్తం, ఇక ఎవరూ ఎదురు చెప్పకూడదు. మానిటోబా ఒకటి, టొరంటో ఒకటి, "ఆగండి" అని ఒకటి. నేనూ నమ్మేదాన్నే, ఒప్పుకున్నాను.

ఆదివారం మరిది చీటీలు మడిచి బైబిల్లో పెట్టి తెచ్చాడు. మామ ప్రార్థించాడు, అత్త ఒకటి తీసింది. టొరంటో. అందరూ ఆమెన్ అన్నారు.

నేనూ అనబోయాను. అంతలో మరిది మిగతా రెండింటినీ గుప్పిట్లో దాచడం కనబడింది. లాక్కుని విప్పాను. టొరంటో. టొరంటో.

ఒళ్లు మండిపోయింది. నన్ను మోసం చేయడానికి దేవుణ్ణి వాడుకుంటారా! మామ తల దించుకున్నాడు, పాపం ఆయనకు తెలియదు. నా కోపం మరిది మీద కూడా కాదు. ఆ దస్తూరి నాకు తెలుసు. పెళ్లికి ముందు నాకు ఉత్తరాలు రాసిన దస్తూరి అది.

"నీ మంచికే రాసిన" అన్నాడు మా ఆయన.

దరఖాస్తు తెచ్చి అందరి ముందే మానిటోబా అని రాశాను. దాని కింద ఇంకో గడి ఉంది, భర్త వెంట వస్తున్నాడా లేదా అని. కలానికి మూత పెట్టాను.

"గా గడి నింపవా?" అన్నాడు.

"గా సంగతి గూడ నేనే ఎంచుకుంట. జర ఆగు."