మేనత్త ఫొటోకి వణుకు ఆపే లెన్సు

ఆ యేడు చలికాలంలో డిజిటల్ కెమెరా కొన్నాను. కొన్నాకే తెలిసింది, అసలు ఖర్చు లెన్సు దగ్గర మొదలవుతుందని. టెక్కలిలో స్టూడియో నడిపే మా బావ, అంటే మా మేనత్త కొడుకు, వణుకుని సర్దే లెన్సు ఒకటి తెప్పించి నాకు అంటగట్టాలని చూస్తున్నాడు. మామూలు లెన్సు కంటే మూడు వేలు ఎక్కువ. "మీ అమ్మ ఫొటో దీంతో తేటగా వస్తే కొంటాను" అన్నాను. ముందు తీసి చూడమని బావ ఒప్పుకున్నాడు. అత్తకి కొన్నేళ్లుగా తల ఊగుతూనే ఉంటుంది. ఓటరు కార్డులో ఆవిడకి రెండు ముక్కులు. ఊరందరి పెళ్లిళ్లూ తీసినవాడి కన్నతల్లికి గోడ మీద పెట్టుకునే ఫొటో ఒక్కటీ లేదు. అత్త మాత్రం చనిపోయిన మామయ్య ఫొటో పక్కన మేకు కొట్టించి ఉంచింది. తన ఫొటో బతికుండగానే తను చూసి, నచ్చితేనే అక్కడ తగిలించాలని ఆవిడ పట్టుదల. ఇంతకీ ఆ లెన్సు ఎవరి వణుకుని ఆపుతుందో నేను అడగలేదు, అమ్మేవాడు చెప్పలేదు.

శ్రీకాకుళంలో పొద్దున్నే బస్సెక్కితే గంటంబావులో టెక్కలి. బావ దగ్గర లెన్సు పుచ్చుకుని ఇంకో బస్సులో పలాస చేరాను. అత్త ఊరు ఉద్దానంలో, సముద్రం పక్క కొబ్బరితోటల సీమలో. తిన్నగా అక్కడికి వెళ్లేవాళ్లకి పలాస అక్కర్లేదు, టెక్కలిలోనే పూండి వైపు బండి దొరుకుతుందేమో అడగండి. నాకు జీడిపప్పు కావాలి. జీడిపిక్కలు కాల్చే బట్టీ పక్క షెడ్డులో ఆడవాళ్లు పిక్కలు కొట్టి పప్పు తీస్తుంటే అడిగి నాలుగు ఫొటోలు తీశాను. లోపల మసక వెలుతురు. బస్తాల మీది కుట్లు సైతం లెక్కపెట్టేలా వచ్చాయి, వాళ్ల చేతులు మాత్రం పొగలా ఉన్నాయి. వీళ్ల చేతులు అంత జోరు కాబోలనుకున్నాను. బుర్ర అక్కడే వాడి ఉంటే మిగతా కథ ఉండేది కాదు.

పలాస నుంచి పూండి మీదుగా షేరు ఆటో, మనిషికి పదిహేను. డ్రైవరుది అత్తావాళ్ల ఊరే. మెడలో ఉన్నదేమిటని అడిగాడు. ఎలాంటి వణుకునైనా ఆపేసే లెన్సని కోతలు కోశాను. అతను గోతులు చూసుకుంటూనే అన్నాడు. "అయితే బాబూ, దాన్ని నా ఆటోకి తగిలించియ్. ఈ రోడ్డుకి నా నడుం నిలబడతాది." అందరూ నవ్వారు. ఊరి మొదట్లో దిగి నేను టీ తాగేలోపు ఆ ఆటో ముందెళ్లి, వణుకు ఆపే కెమెరా వస్తోందని అత్తకి చెప్పేసింది.

నేను వెళ్లేసరికి అత్త తలకి నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని వసారాలో కూర్చుంది. చుట్టుపక్కల నలుగురు చేరారు. ఉద్దానంలో కొబ్బరి నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఇంటి మీద దుప్పటి కప్పినట్టే ఉంటుంది. లెన్సు మీది వణుకు ఆపే మీట నొక్కి పది ఫొటోలు తీశాను. గోడ మీది పగులు, స్తంభం మీది సున్నం మరకలు అద్దంలో చూసినట్టున్నాయి. అత్త ముఖం ఒక్కటే అలుక్కుపోయింది. కెమెరా వెనక బొమ్మ చూసి అడిగింది.

"గోడని తీసినావేట్రా?"

ఇది తీసేవాడి చేతి వణుకునే ఆపుతుందత్తా, నీ తల ఊపుని కాదు అని అప్పటికి తెలిసిన జ్ఞానం చెప్పాను. "మరి నీ సేతికేటయింది, వణకడానికి?" అంది. అత్త మేకు వంక ఒకసారి చూసి, చీర మార్చుకోవడానికి లేచింది. ఆ చీర విప్పొద్దని, ముందు అన్నం పెట్టమని అడిగాను.

చేపల పులుసుతో భోజనమయ్యాక, మూడింటికి ఆవిడని తోట దాటించి ఇసుక మీదికి తీసుకెళ్లాను. వెనక సముద్రం, ముఖం మీద పడమటి ఎండ. మూడు వేల లెన్సు సంచిలో పెట్టి, కెమెరాతో వచ్చిన పాత లెన్సే బిగించాను. కెమెరా కన్ను సెకనులో వెయ్యోవంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టి నొక్కాను. అంత వెలుతురుంటేనే ఆ వేగం కుదురుతుంది. తల ఊగుతూనే ఉంది. ఫొటోలో మాత్రం ఆగింది.

అత్త కెమెరా వెనక బొమ్మకి కొంగు నీడ పట్టుకుని చూసింది. ముడతలన్నీ వచ్చాయని కాస్త విసుక్కుంది. తర్వాత ఓటరు కార్డు గుర్తొచ్చిందో ఏమో, ముక్కు తడుముకుంది.

"ఇది నానే" అంది. "మేకు తుప్పట్టకముందే ఫొటో కడిగించమని మీ బావకి సెప్పు."

లెన్సు తిరిగిచ్చేశాను. బావ ఫొటో చూసి, పెద్ద సైజులో కడిగి ఫ్రేము కట్టాడు. ఆ లెన్సు దండగని నేననను. మందస గుడిలో రాతి బొమ్మల్లాంటి కదలని వాటిని చీకట్లో తీసేవాళ్లకి ఆ డబ్బు గిడుతుంది. నేను తీసేది మనుషుల్ని, వాళ్లు కుదురుగా ఉండరు. ఉద్దానం వచ్చి ఎవరి ఫొటో అయినా తీయాలనుకుంటే, మధ్యాహ్నం మూడింటికి వాళ్లని తోటలోంచి ఇసుక మీదికి తీసుకురండి. ఎండకి మా బావ బిల్లు వెయ్యడు.