గట్టు మీద కెమెరా

వరికోత మిషన్ నడిపే ఆ డ్రైవర్‌కు ఒక అలవాటు ఉండేది. మడి చుట్టూ కోసుకుంటూ వచ్చి, నడుమ చివరి పట్టీ మిగలగానే మిషన్ ఆపి, కిందికి దిగి చప్పట్లు కొట్టేవాడు. దాక్కున్న పిట్టలు లేచిపోయాకే అది కోసేవాడు. పిట్టల పిచ్చి ఉన్న మా బోటివాళ్లంతా వెతికే రంగుల ఉల్లంకి పిట్ట కోసం మూడేళ్లు తిరిగి తిరిగి, చివరికి నేను అడిగింది ఆయన్నే.

ఒకరోజు త్రిపురారం దగ్గర మడిలోంచి ఫోన్ చేశాడు. నేను మిర్యాలగూడ నుంచి బండి మీద వెళ్లేసరికి, ఆసామి గొణుగుతున్నా వినకుండా గట్టు పక్కన చాపంత వరి కోయక వదిలేశాడు. అందులో ఆ పిట్ట, దాని కింద నాలుగు గుడ్లు. ఫోటో ఆశతో దగ్గరికి పోయి గట్టు మీద కెమెరా సర్దుతుండగానే పిట్ట లేచిపోయింది.

"మనిషిని సూస్తే రాదు సార్. మిషన్‌కైతే భయపడదు. పైకెక్కుండ్రి," అన్నాడు.

క్యాబిన్‌లో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. ఎండ ముదిరింది. ఇక రాదనుకున్నాను. అంతలో గట్టు వెంట వంగి వంగి నడుస్తూ వచ్చి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"గది మొగది సార్. పొదిగేది గదే," అన్నాడు మెల్లగా. హమ్మయ్య అని ఊపిరి వదిలాను.

"ఫోటో తీసిన్రా?"

కెమెరా గట్టు మీదే, పిట్టకు బారెడు దూరంలో ఉంది. దిగి తెద్దామని ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఉండనీ, దిగొద్దు," అన్నాను.